గాలిలో ముప్పావుగంట... దారిలో అయిదు గంటలు!

పారిస్‌లో ఉదయం 10 గంటలకు విమానం కదిలింది. లండన్‌లో ఆగేటప్పటికి అక్కడి గడియారం 10-20 చూపిస్తోంది. అంటే ఇరవై నిముషాల ప్రయాణమా? అదే విమానం మధ్యాహ్నం 12 గంటలకు లండన్‌లో తిరుగుముఖం పడితే పారిస్ చేరేసరికి 2-20 అయింది. వచ్చేటప్పుడు ఇరవై నిముషాలు, పోయేటప్పుడు రెండు గంటల ఇరవై నిముషాలు! దారి ఒక్కటే. విమానమూ ఒక్కటే.

చదువు కోసం లండన్ వెళ్లిన కొడుకో కూతురో "రెండు రోజులు పారిస్ చూసి వస్తాం" అని టిక్కెట్టు బొమ్మ ఫోనుకు పంపిస్తే, ఇక్కడ ఊళ్లో కూర్చుని చూసే తల్లిదండ్రులు తికమకపడడంలో వింత లేదు. టిక్కెట్టు మీద అంకెలు తప్పు కావు. కాని అవి చెప్పేది ఒకటి, మనం అర్థం చేసుకునేది ఒకటి.

రెండు గడియారాలు

ముందు గడియారాల సంగతి. పారిస్ గడియారం లండన్ గడియారం కంటే గంట ముందుంటుంది. ఎండాకాలం వస్తే రెండు దేశాలూ ఒకే రోజున గడియారాలను గంట ముందుకు జరుపుకుంటాయి, చలికాలానికి ఒకే రోజున వెనక్కి తిప్పుకుంటాయి. కనుక ఏడాది పొడుగునా తేడా గంటే. అసలు ప్రయాణం ఎటు పోయినా సుమారు గంటా ఇరవై నిముషాలు. పారిస్ నుంచి వచ్చేవారికి ఒక గంట తగ్గినట్టు, పారిస్ వెళ్లేవారికి ఒక గంట పెరిగినట్టు టిక్కెట్టులో కనబడుతుంది. అంతే తేడా.

ఈ గంట తేడా ఎప్పటినుంచో ఉన్నది కాదు. 1911లో ఫ్రాన్సు తన గడియారాన్ని లండన్ దగ్గరి గ్రీనిచ్ కాలానికి సరిచేసుకుంది. కాని ఇంగ్లీషువాళ్ల ఊరి పేరు తమ చట్టంలో రాయడం ఫ్రెంచివాళ్లకు నచ్చలేదు. "పారిస్ కాలం, తొమ్మిది నిముషాల ఇరవై ఒక్క సెకన్లు తక్కువగా" అని రాసుకున్నారు! లెక్కకు అది గ్రీనిచ్ కాలమే. 1940 జూన్ 14న జర్మన్ సేనలు పారిస్‌లో అడుగుపెట్టాక జర్మనీ గడియారం అక్కడ అమలులోకి వచ్చింది. యుద్ధం ముగిసింది, సైన్యం వెళ్లిపోయింది. గడియారం మాత్రం ముందుకు జరిగిన గంట మీదే నిలిచిపోయింది. ఈనాటి విమానం టిక్కెట్టులో కనిపించే గంట తేడాకు మూలం అదీ.

దూరం ఎక్కడినుంచి ఎక్కడికి?

పటం మీద లండన్ నడిబొడ్డు నుంచి పారిస్ నడిబొడ్డుకు సూటిగా గీత గీస్తే సుమారు 344 కిలోమీటర్లు. విజయవాడ నుంచి విశాఖపట్నానికి రైలు పట్టాల వెంట 350 కి.మీ. ఇంచుమించు అంతేనన్నమాట. మధ్యలో ఇంగ్లీషు చానెల్ అనే సముద్రపు పాయ ఉంది. బాగా సన్నగా ఉన్నచోట దాని వెడల్పు సుమారు 33 కి.మీ.

అయితే నగరం నడిబొడ్డున ఎవరూ విమానం ఎక్కరు. లండన్‌కు పెద్ద విమానాశ్రయమైన హీత్రూ ఊరికి పడమరగా 23 కి.మీ. దూరాన ఉంది. పారిస్ పెద్ద విమానాశ్రయం షార్ల్ ద గాల్. అది ఊరికి ఈశాన్యంగా 25 కి.మీ. ఈ రెంటి మధ్య సూటి దూరం సుమారు 348 కి.మీ. లండన్‌కు గాట్విక్, స్టాన్‌స్టెడ్, లూటన్, సిటీ అని మరికొన్ని ఉన్నాయి. పారిస్‌కు ఓర్లీ ఉంది. ఇవి కాక బోవే అని ఒకటుంది. చౌక టిక్కెట్ల విమానాలు అక్కడ దిగుతాయి. పేరుకు "పారిస్ బోవే" అంటారు గాని పారిస్‌కు 85 కి.మీ. దూరం! అక్కడినుంచి బస్సులో మరో గంటకు పైగా పడుతుంది. టిక్కెట్టు చౌకగా దొరికిందని సంతోషించేవాళ్లు ఆ బస్సు చార్జీ, ఆ గంట కూడా కలుపుకుని లెక్క వేసుకోవాలి.

పైగా విమానం గీత గీసినట్టు పోదు. గాలి వీచే దిక్కునుబట్టి రన్‌వే ఏ కొస నుంచి లేవాలో నిర్ణయమవుతుంది. ఒకోసారి పడమటికి లేచి, చుట్టు తిరిగి తూర్పు దారి పట్టాలి. ఆకాశంలోనూ గుర్తించిన దారులున్నాయి. ఆ దారుల వెంటే వెళ్లాలి.

పిల్లితో సహా మూడు వారాలు

ఈ దారి మొదట్లో ఎంతసేపు పట్టిందో వింటే నవ్వొస్తుంది. చానెల్‌ను గాలిలో మొట్టమొదట దాటినవాళ్లు బ్లాన్‌షార్, జెఫ్రీస్ అనే ఇద్దరు. 1785 జనవరి 7న ఇంగ్లండులోని డోవర్ నుంచి బెలూన్‌లో బయలుదేరారు. సగం దారిలో బెలూన్ కిందికి దిగిపోతుంటే బరువు తగ్గించడానికి బుట్టలోని సామానంతా సముద్రంలోకి విసిరేశారు. అదీ చాలక ఒంటిమీది బట్టలు కూడా పారేశారు. చివరకు ఫ్రాన్సు అడవిలో క్షేమంగా దిగారు.

రెక్కల విమానంలో చానెల్ దాటినవాడు ఫ్రెంచి ఇంజనీరు లూయీ బ్లేరియో. 1909 జులై 25 తెల్లవారుజామున కలే దగ్గర లేచి, ముప్పై ఆరున్నర నిముషాల్లో డోవర్ కొండ పక్క గడ్డిలో దిగాడు. 'డైలీ మెయిల్' పత్రిక ప్రకటించిన వెయ్యి పౌన్ల బహుమతి ఆయనకు దక్కింది. ఈ కథకు మన దేశంతోనూ ఒక ముడి ఉంది. చానెల్ ఒడ్డున అర్దెలో అనే ఊళ్లో బ్లేరియోకు ఇల్లుండేది. అదే ఊళ్లో సెలవులకు వచ్చే ఒక భారతీయ కుటుంబం పిల్లవాడు ఆ విమానాలను కళ్లప్పగించి చూసేవాడు. అతనే పారిస్‌లో పుట్టిన జె.ఆర్.డి. టాటా. 1932 అక్టోబరు 15న కరాచీ నుంచి బొంబాయికి టపా సంచులతో విమానం నడిపి, మన దేశంలో విమాన సర్వీసులకు నాంది పలికింది ఆయనే.

సరే, చానెల్ దాటడం వేరు, పారిస్ నుంచి లండన్‌కు రావడం వేరు. 1910 ఆగస్టు 16న జాన్ మొయిసాంట్ అనే అమెరికన్ పారిస్‌లో లేచాడు. మర్నాడు ఒక మెకానిక్‌ను, ఫీఫీ అనే పిల్లిని వెంటబెట్టుకుని చానెల్ దాటాడు. అంతవరకు బాగానే ఉంది. ఇంగ్లండు గడ్డ మీదికి వచ్చాకే కష్టాలు మొదలయ్యాయి. ఇంజను మొరాయించడం, గాలివాన, పొలంలో దిగడం, బాగుచేసుకుని లేవడం, మళ్లీ పడడం. లండన్ చేరేసరికి సెప్టెంబరు 6వ తేదీ వచ్చింది. మూడు వారాలు! ఎద్దుబండి కట్టుకుని, చానెల్ దగ్గర పడవ ఎక్కినా ఇంచుమించు ఆ రోజుకే చేరి ఉండేవాడు. పిల్లికి మాత్రం ఏమీ కాలేదు.

మీగడ డబ్బాలతో మొదటి సర్వీసు

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక మిగిలిపోయిన విమానాలను ఏం చేయాలన్న ఆలోచన వచ్చింది. యుద్ధంలో బాంబులు వేసిన విమానంలోనే ఇద్దరు మనుషులు కూర్చునేలా చిన్న గది కట్టారు. 1919 ఆగస్టు 25 ఉదయం లండన్ పక్క హౌన్‌స్లో మైదానం నుంచి ఆ విమానం లేచింది. ఆ మైదానం ఇప్పటి హీత్రూకు దగ్గరలోనే ఉండేది. విమానంలో పైలట్ లాఫర్డ్, ఒకే ఒక ప్రయాణీకుడు. ఆయన కూడా ఒక పత్రికా విలేఖరి. మిగతా జాగాలో పత్రికల కట్టలు, వేటపక్షులు, మీగడ డబ్బాలు. 9-10కి లేచి 11-40కి పారిస్ పక్క లె బుర్జేలో దిగింది. రెండున్నర గంటలు. ఒక దేశం నుంచి మరో దేశానికి రోజూ నడిచే విమాన సర్వీసు అలా మొదలయింది. టిక్కెట్టు 21 పౌన్లు. ఆ రోజుల్లో అక్కడ ఒక కూలీకి అది వారాల తరబడి సంపాదన.

పైలట్‌కు దారి చూపే యంత్రాలేవీ అప్పుడు లేవు. కిందికి చూసి రోడ్డునో, రైలు పట్టాలనో, చర్చి గోపురాన్నో ఆనవాలు పట్టుకుని నడపాలి. మబ్బు కమ్మితే కిందికి దిగి నడపాలి. ఎంత మబ్బు ఉంటే అంత కిందికి. దీనికి ఏడుగురు ప్రాణాలిచ్చారు.

ఒకే రోడ్డు మీద ఎదురెదురుగా

1922 ఏప్రిల్ 7. ఉత్తర ఫ్రాన్సులో పొగమంచు, సన్నని జల్లు. లండన్ వైపు క్రాయ్‌డన్ నుంచి ఒక విమానం పారిస్ వస్తోంది. అందులో టపా సంచులు, ఒక పైలట్, సాయానికి ఒక కుర్రవాడు. పారిస్ నుంచి మరో విమానం లండన్ వెళుతోంది. అందులో పైలట్, మెకానిక్, ముగ్గురు ప్రయాణీకులు. ఆ ముగ్గురిలో ఇద్దరు కొత్తగా పెళ్లయిన అమెరికన్ దంపతులు. బోవేకు ఉత్తరంగా త్యులువా సెంట్ ఆంత్వాన్ అనే పల్లె మీద, నేలకు నూటయాభై మీటర్ల ఎత్తులో, రెండూ ఒకదాన్నొకటి ఢీకొన్నాయి. ఏడుగురూ చనిపోయారు. రోజువారీ సర్వీసు నడిపే రెండు విమానాలు గాలిలో గుద్దుకోవడం ప్రపంచంలో అదే మొదటిసారి.

ఎలా జరిగింది? ఇద్దరు పైలట్లూ ఒకే రోడ్డును ఆనవాలు పెట్టుకున్నారు. ఒకరు దాని వెంట అటు పోతున్నారు, ఒకరు ఇటు వస్తున్నారు. ఎడమా కుడీ అన్న నియమం ఆకాశంలో అప్పటికి గట్టిగా లేదు. మేఘం కిందికి నెట్టేసింది. మంచులో ఎదుటివాడు కనిపించేసరికి తప్పుకునే వ్యవధి లేదు. ఇంత పెద్ద ఆకాశంలో రెండు విమానాలు సరిగ్గా ఒకే గీత మీదికి వచ్చాయంటే అదృష్టం బాగాలేక కాదు. ఆ గీతను వాళ్లే ఎంచుకున్నారు గనుక.

ఆ తరువాత ఈ దారిలో విమానాలు నడిపే కంపెనీల ప్రతినిధులు, పైలట్లు క్రాయ్‌డన్‌లో కూర్చుని మాట్లాడుకున్నారు. అందరూ కుడి పక్కకు ఉండి నడపాలని తీర్మానించారు. ఇంగ్లండులో రోడ్డు మీద మనలాగే ఎడమ పక్కన నడుపుతారు, ఫ్రాన్సులో కుడి పక్కన. గాలిలో మాత్రం ఫ్రెంచి పద్ధతి నెగ్గింది. విమానాలన్నిటిలో రేడియో ఉండాలన్న ఒత్తిడి కూడా అప్పటినుంచి పెరిగింది. ఈనాడు నేల మీద కూర్చున్న మనిషి ప్రతి విమానానికి ఎత్తు చెప్పి, దారి చెప్పి, "ఆగు, ముందు ఇంకొకరున్నారు" అని నిలబెడుతున్నాడంటే దాని వెనుక ఇలాంటి చావులున్నాయి. ఆలస్యమైందని విసుక్కునే ప్రయాణీకుడికి ఆ సంగతి తెలియదు.

పరుగుపందెం

కాలం ఎంత తగ్గింది? 1927లో లండన్-పారిస్ మధ్య 'సిల్వర్ వింగ్' అనే పేరుతో గాలిలోనే భోజనం వడ్డించే సర్వీసు వచ్చింది. భోజనం పెరిగిందే గాని వేగం పెరగలేదు. అదీ రెండున్నర గంటలే. 1950 జులై 29న వికర్స్ వైకౌంట్ అనే కొత్తరకం విమానం ఇదే దారిలో మొదటి ప్రయాణీకులను మోసింది. టర్బైన్ ఇంజనుతో ప్రొపెల్లరు తిప్పే విమానం ప్రయాణీకులతో నడవడం ప్రపంచంలో అదే మొదలు. ప్రయాణం దాదాపు గంటకు వచ్చేసింది.

1959 జులైలో బ్లేరియో యాత్రకు యాభై ఏళ్లు నిండాయి. 'డైలీ మెయిల్' మళ్లీ ఒక పందెం పెట్టింది. లండన్‌లోని మార్బుల్ ఆర్చి ద్వారం నుంచి పారిస్‌లోని ఆర్క్ ద త్రియోంఫ్ ద్వారానికి ఎవరు ముందు చేరుతారు? ఏ వాహనమైనా ఎక్కవచ్చు. బ్రిటిష్ వైమానిక దళానికి చెందిన స్క్వాడ్రన్ లీడర్ చార్లెస్ మాఘన్ మోటారు సైకిలు, హెలికాప్టరు, జెట్ యుద్ధ విమానం ఒకదాని వెంట ఒకటి ఎక్కి 40 నిముషాల 44 సెకన్లలో చేరాడు. ద్వారం నుంచి ద్వారానికి! ఎక్కడా క్యూ లేదు, పెట్టె తూచేవాడు లేడు, ప్రతిచోటా వాహనం ఇంజను నడుస్తూ సిద్ధంగా ఉంది. మామూలు మనిషికి దొరికేది సరిగ్గా దీనికి తలకిందులు.

తలుపు మూసింది మొదలు

ఇప్పటి జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో పోగలదు. ఆ లెక్కన 348 కి.మీ. దాటడానికి అరగంట కూడా అక్కరలేదు. మరి టిక్కెట్టులో గంటా ఇరవై ఎందుకు?

విమానయానంలో ప్రయాణ కాలం అంటే గాలిలో ఉన్నంతసేపు కాదు. నిలిపి ఉన్న చోటు నుంచి చక్రాలు కదిలినప్పటినుంచి, అక్కడ మళ్లీ చక్రాలు ఆగేవరకు. హీత్రూకు ఉన్నవి రెండే రన్‌వేలు. పెట్టుకోగలిగినన్ని విమానాలు ఇప్పటికే పెట్టేశారు. ఎగరడానికి విమానాలు వరసలో నిలబడతాయి, ధాన్యం మార్కెట్ యార్డు గేటు ముందు ట్రాక్టర్లు నిలబడ్డట్టు. ఆ పావుగంటో ఇరవై నిముషాలో ప్రయాణ కాలంలోనే పడుతుంది. తరువాత ఎత్తుకు ఎక్కడానికి కొంతసేపు. పైకి చేరి సూటిగా పోయే భాగం చాలా చిన్నది. సిబ్బంది నీళ్లు, బిస్కెట్లు పంచి ఖాళీ కప్పులు ఏరుకునేలోగా మళ్లీ దిగడం మొదలవుతుంది. ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ పూర్తి వేగం ఉండదు. మొత్తం గాలిలో ఉండేది ముప్పావుగంట, కాస్త అటూ ఇటూ.

లండన్ వచ్చేవారికి ఇంకొకటుంది. దిగడానికి జాగా లేకపోతే నగరం చుట్టూ ఆకాశంలో నాలుగు చోట్ల విమానాలను అంతస్తులు అంతస్తులుగా గుండ్రంగా తిప్పుతారు. కింది అంతస్తు విమానం దిగితే పైది ఒక మెట్టు కిందికి వస్తుంది. కళ్ల ముందు లండన్ కనబడుతూనే ఉంటుంది, దిగడం కుదరదు. పారిస్‌లో నాలుగు రన్‌వేలున్నాయి గాని అక్కడ విమానాశ్రయం పెద్దది. దిగాక ఆగే చోటికి నేల మీద దొర్లుకుంటూ పోవడానికే చాలాసేపు పడుతుంది.

ఇవన్నీ లెక్కవేసుకుని, ఎందుకైనా మంచిదని మరో అయిదు, పది నిముషాలు కలిపి కంపెనీలు టైము వేస్తాయి. అందుకే ఒకోసారి "అనుకున్న వేళకన్నా పది నిముషాలు ముందే వచ్చాం" అని పైలట్ మైకులో గొప్పగా చెబుతాడు. ముందు రావడం కాదది, ముందే కలిపి ఉంచిన నిముషాలు మిగలడం.

దూరం లెక్కే డబ్బు లెక్క

ఈ దూరం, ఈ వేళ వట్టి కబుర్లు కావు. వీటి మీద డబ్బు ఆధారపడి ఉంది. ఐరోపా దేశాల కూటమి 2005 ఫిబ్రవరి నుంచి ఒక చట్టం అమలు చేసింది. విమానం రద్దయితే ప్రయాణీకుడికి నష్టపరిహారం ఇవ్వాలి. 1,500 కి.మీ. లోపు దూరమైతే 250 యూరోలు. 3,500 కి.మీ. దాటిన దూర ప్రయాణమైతే 600 యూరోలు. 2009లో ఐరోపా న్యాయస్థానం మూడు గంటలు, అంతకు మించిన ఆలస్యానికీ ఇది వర్తిస్తుందని తీర్పు చెప్పింది. తుఫాను, మంచు వంటివి కారణమైతే పరిహారం ఉండదు. దూరాన్ని భూగోళం మీద సూటిగా కొలుస్తారు. విమానం ఎంత చుట్టు తిరిగినా లెక్కలోకి రాదు. కూటమి నుంచి బయటికి వచ్చాక కూడా బ్రిటన్ ఇలాంటి నియమాన్నే ఉంచుకుంది. లండన్-పారిస్ దూరానికి అక్కడ 220 పౌన్లు.

చేరిన వేళ అంటే ఏది? నేల తాకినప్పుడా, ఆగినప్పుడా? ఇదీ కోర్టుకెక్కింది. ఆస్ట్రియాలోని సాల్జ్‌బర్గ్ నుంచి జర్మనీలోని కొలోన్ వెళ్లిన ఒక విమానం రన్‌వే తాకేసరికి 2 గంటల 58 నిముషాలు ఆలస్యం. ఆగే చోటికి చేరేసరికి 3 గంటల 3 నిముషాలు. "మూడు గంటలు దాటలేదు" అంది కంపెనీ. "దాటింది" అన్నాడు ప్రయాణీకుడు. అయిదు నిముషాల మీద 250 యూరోలు! 2014 సెప్టెంబరు 4న న్యాయస్థానం ప్రయాణీకుడి పక్షాన నిలిచింది. కనీసం ఒక తలుపైనా తెరిచి, దిగవచ్చునని అనుమతించిన క్షణమే చేరిన వేళ అని తేల్చింది. తలుపు మూసి ఉన్నంతసేపూ మనిషి బందీయే గదా! ఎక్కువమందికి తెలియనిది ఏమిటంటే, ఈ హక్కు ఐరోపావాళ్లకే పరిమితం కాదు. పారిస్ నుంచి బయలుదేరే విమానం ఎక్కినవారు ఏ దేశస్థులైనా సరే. పారిస్‌లో ఎక్కి హైదరాబాదు వచ్చేవారికి కూడా. టిక్కెట్టు, బోర్డింగ్ పాసు పారేయకుండా దాచుకోవాలి, తలుపు తెరిచిన వేళ రాసిపెట్టుకోవాలి. 2025 జూన్‌లో ఐరోపా మంత్రులు మూడు గంటల హద్దును నాలుగుకు, దూర ప్రయాణాలకైతే ఆరుకు పెంచుదామని ప్రతిపాదించారు. కనుక క్లెయిము పెట్టేముందు నియమం ఏముందో చూసుకోవడం మంచిది.

సముద్రం అడుగున పోటీ

విమానానికి గట్టి దెబ్బ తగిలింది పక్క కంపెనీ నుంచి కాదు, కింద నుంచి. చానెల్ అడుగున 50 కిలోమీటర్ల పైచిలుకు సొరంగం తవ్వి 1994 మే 6న తెరిచారు. అందులో సుమారు 38 కి.మీ. సముద్రం కిందే. అదే ఏడాది నవంబరు 14న యూరోస్టార్ రైలు మొదలయింది. అప్పట్లో మూడు గంటలు పట్టేది. ఫ్రాన్సులో గంటకు 300 కి.మీ. వేగంతో వచ్చిన రైలు సొరంగం దాటి ఇంగ్లండు పాత పట్టాల మీద నింపాదిగా నడిచేది. 2007 నవంబరు 14 నుంచి ఇంగ్లండు వైపు కూడా కొత్త పట్టాలు పూర్తయి, 2 గంటల 16 నిముషాలకు దిగింది.

రైలు దారి 492 కి.మీ. విమానం దారికన్నా దాదాపు నూటయాభై కిలోమీటర్లు ఎక్కువ. వేగం సగంకన్నా తక్కువ. అయినా రైలే ముందు చేరుతుంది! లండన్‌లో సెంట్ పాంక్రాస్ స్టేషను ఊరి మధ్యనే ఉంది. పారిస్‌లో గార్ దు నార్ కూడా అంతే. స్టేషనుకు గంటా గంటంబావు ముందు వెళ్లాలి. బయలుదేరే చోటే రెండు దేశాల పాస్‌పోర్టు తనిఖీలూ అయిపోతాయి. అవతల దిగితే పెట్టె పట్టుకుని నడిచి బయటికి రావడమే. మొత్తం నాలుగు గంటల లోపు. విమానమైతే? ఇంటి నుంచి హీత్రూకు గంట, ముందుగా రావలసింది రెండు గంటలు, ప్రయాణం గంటా ఇరవై, దిగాక పాస్‌పోర్టు వరస, పెట్టె కోసం ఎదురుచూపు, ఊళ్లోకి ముప్పావుగంట. అయిదు గంటలు దాటకపోతే అదృష్టవంతులే.

అలాగని రైలుకు దోషాలు లేవని కాదు. 2009 డిసెంబరులో బయట గడ్డకట్టే చలి, సొరంగం లోపల వెచ్చదనం. రైళ్ల ఇంజన్లలోకి చొరబడిన పొడి మంచు కరిగి నీరై కరెంటు పరికరాలు చెడిపోయాయి. అయిదు రైళ్లు సొరంగంలో నిలిచిపోయాయి. రెండు వేలమందికి పైగా జనం చీకట్లో, ఉక్కలో గంటల తరబడి చిక్కుకున్నారు. టిక్కెట్టు ధరలు కూడా ముందుగా కొనకపోతే విమానాన్ని మించిపోతాయి.

అయినా లండన్-పారిస్ మధ్య పోయేవారిలో సగానికి పైగా రైలే ఎక్కుతున్నారు. మరి విమానాలెందుకు నడుస్తున్నాయంటే, వాటిలో చాలామంది ఆ రెండు ఊళ్లవాళ్లు కారు. లండన్‌లో దిగి పారిస్ మీదుగా ఇంకో దేశానికో, పారిస్‌లో దిగి లండన్ మీదుగా అమెరికాకో మారేవాళ్లు. విమానాశ్రయంలోంచి బయటికే రానివారికి ఊరి మధ్య స్టేషనుతో పని లేదు. అలా మారేవారు రెండు విమానాలకూ మధ్య వ్యవధి చూసుకునేటప్పుడే గడియారాల తేడా మర్చిపోయి మోసపోతుంటారు. లండన్‌లో 10కి బయలుదేరి గంటా ఇరవైలో చేరుతామనుకుని, 12-30కి పారిస్‌లో మరో టిక్కెట్టు వేరుగా కొనుక్కుంటే, మిగిలేది గంటా పది నిముషాలు కాదు, పది నిముషాలే!

ఇక మన పిల్లల సంగతి. బ్రిటన్ వీసాతో ఫ్రాన్సులో అడుగుపెట్టడం కుదరదు. బ్రిటన్ ఐరోపా కూటమిలో ఉన్నప్పుడు కూడా షెంగెన్ దేశాల ఒప్పందంలో చేరలేదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారు పారిస్ చూడాలంటే షెంగెన్ వీసా వేరే తీసుకోవాలి. దరఖాస్తు తీసుకున్నాక నిర్ణయానికి నియమం ప్రకారం పదిహేను రోజుల గడువు. దరఖాస్తు ఇవ్వడానికి తేదీ దొరకడం మరో తంటా. వీసా చేతికి రాకముందే తిరిగి డబ్బు ఇవ్వని చౌక టిక్కెట్టు కొని పోగొట్టుకోవద్దు. 2025 అక్టోబరు 12 నుంచి షెంగెన్ దేశాల్లోకి వచ్చే బయటి దేశాలవారి వేలిముద్రలు, ఫొటో కంప్యూటరులో నమోదు చేసే పద్ధతి దశలవారీగా మొదలైంది. రైలెక్కేవారికి ఆ పని లండన్ స్టేషనులోనే జరుగుతుంది. కాబట్టి కాస్త ముందుగానే వెళ్లాలి.

ఆదివారం సాయంత్రం పారిస్‌లో 6 గంటల రైలెక్కితే లండన్‌లో దిగేసరికి 7-16. చేతి గడియారం కట్టుకున్నవాళ్లు దాన్ని గంట వెనక్కి తిప్పుకోవాలి. ఫోనైతే దానంతటదే మారిపోతుంది.